ఆగ్నెస్ స్మెడ్లీని ఎక్కడ మొదలుపెట్టాలి? చదివినవాళ్ళు చెప్పండి

పల్లేరు:
అందరికీ నమస్కారం. హనుమకొండలో మేం తొమ్మిదిమంది ఆడవాళ్ళం నెలకోసారి కలిసి ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. వచ్చే నెల వంతు నాది. అమెరికన్ రచయిత్రి, విలేకరి ఆగ్నెస్ స్మెడ్లీ నవల ‘భూమి పుత్రిక’ పెడదామనుకున్నాను. ఓల్గా గారి అనువాదం, 1985లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. డిగ్రీలో ఉండగా చదివి, అందులో మేరీ రోజర్స్ కథే స్మెడ్లీ కథ అనుకుని అక్కడితో వదిలేశాను. ఇప్పుడు ఆమె జీవితం గురించి వెతికితే బెర్లిన్ ఉంది, చైనా ఉంది, హైదరాబాదీ సహచరుడు ఉన్నాడు, గూఢచారి అన్న నింద ఉంది. గంటన్నరలో ఇదంతా ఎలా చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. పైగా మా గ్రూపులో ఒక పెద్దావిడ "ఆమెకి పార్టీ సభ్యత్వమే లేదు, కమ్యూనిస్టు అని ఎలా అంటారు?" అని ముందే అడ్డం పడ్డారు. మీరు ఏది ముందు చదివారు? మిమ్మల్ని ఏది పట్టుకుంది?

బొగ్గుబావి:
నవలతోనే మొదలుపెట్టండి. మాది ఇల్లందు, మా నాన్న సింగరేణిలో కోల్ ఫిల్లర్. అందుకని నాకు మొదటి సగం చాలు అనిపించింది. స్మెడ్లీ 1892లో మిస్సోరీ రాష్ట్రంలో పుట్టింది. సాగు గిట్టక కుటుంబం కొలరాడోలో ట్రినిడాడ్ అనే బొగ్గుగనుల ఊరికి చేరింది. 1904 వరదలో వాళ్ళ గుడారం కొట్టుకుపోయింది. తండ్రి గుర్రపు బండ్లు తోలి, కూలికి పోయి, వచ్చిన డబ్బులో కొంత తాగేవాడు. తల్లి ఊళ్ళోవాళ్ళ బట్టలు ఉతికి పిల్లల్ని సాకి, చిన్న వయసులోనే చనిపోయింది. ఇంటికి డబ్బు పంపి ఆదుకున్నది ఒళ్ళమ్ముకుని బతికే పిన్ని. నవలలో రచయిత్రి ఆ పిన్నిని తప్పు పట్టదు. పెళ్ళయి వంగి వంగి బతికిన తల్లికీ, పెళ్ళి లేకుండా తల ఎత్తుకుని తిరిగే పిన్నికీ మధ్య నిలబడి ఆ పిల్ల లెక్క వేసుకుంటుంది. నేను చదివిన నవలల్లో అంత నిక్కచ్చి లెక్క ఇంకెక్కడా చూడలేదు.

రెండోషో:
నవల మధ్యలో కొంచెం సాగుతుంది, నిజం చెప్పాలంటే. నేను రెండుసార్లు వదిలేసి మూడోసారి పూర్తి చేశాను.

విలేకరి_రిటైర్డ్:
పల్లేరు గారూ, గంటన్నరే ఉంటే జైలు స్కెచ్‌లు తీసుకోండి. ‘సెల్ మేట్స్’ అనే పేరుతో న్యూయార్క్ ‘కాల్’ పత్రికలో 1920లో వచ్చాయి. వాటి వెనక కథ మనకు దగ్గరిది. 1917లో ఆమె న్యూయార్క్ చేరింది. అంతకుముందే శాన్ డియెగోలో సోషలిస్టు అని ఉద్యోగం ఊడగొట్టారు. న్యూయార్క్‌లో లాలా లజపతిరాయ్ పరిచయమై ఆమెకు భారత చరిత్ర పాఠాలు చెప్పారు. ఆయన మితవాది, ఈమె మాత్రం సాయుధ విప్లవం అనే బెంగాలీ కుర్రాళ్ళ వైపు వెళ్ళింది. బ్రిటన్, అమెరికా ఒకే పక్షాన యుద్ధం చేస్తున్న రోజులు. భారతీయ విప్లవకారుల కాగితాలు దాచినందుకు 1918 మార్చిలో గూఢచర్య చట్టం కింద పట్టుకెళ్ళి ‘టూంబ్స్’ జైల్లో పెట్టారు. కుటుంబ నియంత్రణ కరపత్రాలు ఉన్నాయని ఇంకో కేసు కూడా. తర్వాత కేసులు కొట్టేశారు.

ఆ జైల్లో తనతో ఉన్న ఆడవాళ్ళ గురించే ఆ స్కెచ్‌లు. దొంగతనం కేసువాళ్ళు, పోలీసులకు కొత్తేమీ కానివాళ్ళు, మాలీ స్టైమర్ లాంటి అరాచకవాది పిల్ల. తన గురించి దాదాపు ఏమీ రాసుకోదు. ముప్పై ఏళ్ళు డెస్కులో కూర్చుని కుర్ర విలేకరులకు నేను చెప్పి చెప్పి విసిగిపోయిన పాఠం అదే. నాలుగు స్కెచ్‌లు పావుగంటలో పైకి చదివేయొచ్చు.

గడప_దాటి:
హైదరాబాదీ సహచరుడు అన్నారు కదా, ఆయన వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ, ‘చట్టో’. సరోజినీ నాయుడి తమ్ముడు. 1880లో హైదరాబాద్‌లోనే పుట్టాడు. తండ్రి అఘోరనాథ్ నిజాం కాలేజీకి పునాది వేసినవాడు. నేను నాటకాలు చూడ్డానికి వాళ్ళ ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌కి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. ఆ ఇంటి అబ్బాయికీ మిస్సోరీ కూలివాళ్ళ అమ్మాయికీ సంబంధం ఉందని ఆ మధ్యే తెలిసింది.

బెర్లిన్‌లో ఇద్దరూ కొన్నేళ్ళు కలిసి ఉన్నారు, చట్టప్రకారం పెళ్ళి లేదు. 1921లో కలిసి మాస్కో కూడా వెళ్ళారు. ఆయన గొప్ప దేశభక్తుడే, ఇంట్లో మాత్రం ఆమె గతం తవ్వి తవ్వి చంపేవాడు. ఆమె మనసు చెదిరి మానసిక వైద్యం దాకా వెళ్ళింది. ఆ తేరుకునే రోజుల్లో రాసిందే ఈ నవల, 1929లో వచ్చింది. విడిపోయాక చట్టో సోవియట్ దేశానికి వెళ్ళి లెనిన్‌గ్రాడ్‌లో పండితుడిగా పనిచేశాడు. 1937లో స్టాలిన్ కాలపు ఏరివేతలో కాల్చి చంపారు. ఇది కూడా మీ చర్చలో రావాలి. చట్టో చావు చెప్పకుండా స్మెడ్లీ కథ చెబితే సగమే చెప్పినట్టు.

ఆకుపచ్చ_సిరా:
గడప_దాటి గారు సున్నితంగా చెప్పారు, నేను నేరుగా చెప్తాను. నవలలో మేరీ మీద అత్యాచారం చేసేది ఉద్యమంలోని మనిషే, భారతీయ విప్లవకారుడే. తర్వాత అదే సంగతి అడ్డం పెట్టుకుని ఆమె కాపురం కూలుస్తారు. "ఉద్యమానికి చెడ్డపేరు వస్తుంది" అన్న భయంతో ఆమె నోరు మూసుకుంటుంది.

1986లో నాకు 23 ఏళ్ళు, ఒక విద్యార్థి సంఘంలో పనిచేసేదాన్ని. సంఘం పేరు వద్దు. మాలో ఒకమ్మాయికి అచ్చం ఇలాంటిదే జరిగింది. కమిటీలో "ఇది సమయం కాదమ్మా" అన్నారు. ఆ వారమే ఈ పుస్తకం నా చేతికొచ్చింది. రాత్రంతా చదివి పొద్దున ఆ అమ్మాయికి ఇచ్చాను. ఆమె నుంచి ఇంకొకరికి, అలా చేతులు మారి వరంగల్ దాకా పోయి మూడేళ్ళ తర్వాత అట్ట ఊడి తిరిగొచ్చింది. నవల గొప్పదా, సాగుతుందా అనే చర్చ నాకు పట్టదు. 1929లో ఒక అమెరికన్ ఆ మాట అచ్చేసింది, మేం 1986లో మీటింగులో నోరు తెరవలేకపోయాం.

పల్లేరు:
అక్కా, ఇది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. మీ అనుమతి ఉంటే మా గ్రూపులో చెప్తాను, ఎవరి వివరాలూ లేకుండా.

ఆకుపచ్చ_సిరా:
చెప్పమ్మా.

పాత_కార్డు:
సభ్యత్వం సంగతి. 22 ఏళ్ళు కార్డు మోసిన వాడిగా చెప్తున్నాను. మీ పెద్దావిడ మాట నిజమే. అమెరికా పార్టీలో స్మెడ్లీ చేరలేదు. 1937లో చైనా కమ్యూనిస్టుల స్థావరం యెనాన్‌లో అక్కడి పార్టీ సభ్యత్వం అడిగితే ఇవ్వలేదు, అందుకు బోరున ఏడ్చిందంటారు. ఎందుకిస్తారు? యుద్ధం మధ్యలో గుహల్లో ఉన్న నాయకులకు గ్రామఫోన్ పెట్టి డ్యాన్సు నేర్పింది, వాళ్ళ భార్యలకు ఒళ్ళు మండింది. ఎలుకల మీద యుద్ధం ప్రకటించింది. నచ్చనిది ఎవరి మొహం మీదైనా అనేసేది. ప్రతి యూనిట్‌లోనూ ఇలాంటి మనిషి ఒకరుంటారు. వాళ్ళుంటే మీటింగు నడవదు, వాళ్ళు లేకపోతే పని నడవదు.

పుస్తకాలన్నీ ఒకే స్థాయి కావు. 1934 నాటి ఎర్రసైన్యం పుస్తకం ఆ ప్రాంతం చూడకుండా, షాంఘైలో తన ఇంట్లో తలదాచుకున్న కమాండర్లు చెప్పింది విని రాసింది. కరపత్రం వాసన వస్తుంది. 1943లో వచ్చిన ‘బ్యాటిల్ హిమ్ ఆఫ్ చైనా’ అలా కాదు. సైనికులతో నడిచి, పేలు పట్టించుకుని, కడుపులో పుండుతో రాసింది. జూ డే జీవిత చరిత్ర ‘ది గ్రేట్ రోడ్’ ఆమె పోయాక 1956లో వచ్చింది. రైతుబిడ్డ సేనాధిపతి అయిన కథ. నా ఓటు దానికే.

స్టెతస్కోపు:
ఒక్క ముక్క. డాక్టర్ కోట్నిస్ పేరు అందరికీ తెలుసు. 1938లో కాంగ్రెస్ తరఫున చైనా వెళ్ళిన అయిదుగురు భారతీయ డాక్టర్లలో ఒకరు. డాక్టర్లను పంపమని నెహ్రూకు ఉత్తరాలు రాసినవాళ్ళలో స్మెడ్లీ ఉంది. న్యూయార్క్‌లో లజపతిరాయ్ దగ్గర మొదలైన భారతీయుల స్నేహం అక్కడ పనికొచ్చింది. ‘బ్యాటిల్ హిమ్’లో గాయపడ్డ సైనికుల పేజీలు నా పీజీ రోజుల్లో నైట్ డ్యూటీలో చదివాను. కట్లు లేవు, మత్తుమందు లేదు. మా వార్డులో దూది అయిపోయిందని గొణుక్కోవడం కొన్నాళ్ళు మానేశాను.

టెంపె_టు_తెనాలి:
నేను అరిజోనా స్టేట్‌లో రెండేళ్ళు ఎమ్మెస్ చేశాను. స్మెడ్లీ 1911లో చేరిన టెంపె నార్మల్ స్కూలే తర్వాత ఆ యూనివర్సిటీ అయింది. ఆమె కాగితాలు, చైనా ఫొటోలు అక్కడి లైబ్రరీలోనే ఉన్నాయి. రోజూ అదే లైబ్రరీలో అసైన్‌మెంట్లు చేసుకున్న నాకు ఇది తెనాలి వచ్చాక తెలిసింది. ఏం చేస్తాం!

గూఢచారి విషయం ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. 1949 ఫిబ్రవరిలో అమెరికా సైన్యం ఆమెను సోవియట్ గూఢచారి అని బహిరంగంగా అంది. షాంఘైలో సోవియట్ గూఢచారి రిచర్డ్ సోర్జ్‌తో కలిసి పనిచేసిందని ఆరోపణ. చేతనైతే పదవి ఇచ్చే చట్టపరమైన రక్షణ వదులుకుని కోర్టుకు రండి, పరువు నష్టం దావా వేస్తానని ఆమె రేడియోలో సవాలు చేసింది. రోజుల్లోనే సైన్యం ఆ మాట వెనక్కి తీసుకుంది. అయినా రాతలు వేసుకునేవాళ్ళు తగ్గిపోయారు. ఆ ఏడాది చివర ఇంగ్లండ్ వెళ్ళింది, అక్కడినుంచి చైనా పోదామని. 1950 మే 6న ఆపరేషన్ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో పోయింది. అస్థికలు బీజింగ్‌లో బాబావోషాన్ శ్మశానంలో ఉన్నాయి.

చిక్కేమిటంటే, 2005లో రూత్ ప్రైస్ రాసిన జీవిత చరిత్ర ఆమె నిజంగానే సోవియట్ వాళ్ళ కోసం రహస్య పనులు చేసిందని ఆధారాలతో చెప్పింది. ప్రైస్ ఆమెను నిర్దోషిగా చూపించాలనే మొదలుపెట్టిందట. అభిమానులు ఈ పుస్తకం పేరెత్తితే మాట మారుస్తారు. మీరు మార్చకండి.

పాత_కార్డు:
జపాన్ చైనాను నరుకుతుంటే సోర్జ్‌కు సాయం చేయడం తప్పంటే నేను ఒప్పుకోను.

టెంపె_టు_తెనాలి:
తప్పని నేనూ అనలేదు సార్. చేయలేదని ఆమె అన్నది, చేసింది. అంతవరకే.

గడప_దాటి:
చట్టోను మింగింది కూడా ఆ రాజ్యమే. అది మర్చిపోకండి.

పల్లేరు:
అందరికీ థాంక్స్. ఇలా అనుకుంటున్నాను: ముందు జైలు స్కెచ్ ఒకటి చదువుతాను, తర్వాత నవలలో బొగ్గుగనుల భాగం, ఆపైన ఆకుపచ్చ_సిరా అక్క చెప్పింది. గూఢచారి సంగతి, చట్టో చావు దాచను. యెనాన్ డ్యాన్సులు టీ టైములో. చిన్న చిక్కు, నా తెలుగు కాపీ ఇల్లు మారేటప్పుడు పోయింది. ఎవరి దగ్గరైనా ఉందా?

ఆకుపచ్చ_సిరా:
నా దగ్గరుంది. అడ్రసు మెసేజ్ పెట్టమ్మా, సోమవారం కొరియర్ చేస్తాను. అట్ట లేదు, చివరి నాలుగు పేజీలు టేపుతో అతికించాను. వరంగల్ నుంచి తిరిగొచ్చినప్పటినుంచి అందులో కొన్ని వాక్యాల కింద పెన్సిల్ గీతలున్నాయి, పక్కన "ఇది నిజం" అని రాసుంది. అవి నావి కావు. ఎవరివో ఇన్నేళ్ళూ తెలియలేదు. మీ పెద్దావిడది హనుమకొండే అన్నావుగా, ఒకసారి చూపించు.