పర్లాకిమిడి దగ్గర్లో తెలుగు ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగు ఎక్కడుంది?

మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. విశాఖలో డీఎడిక్షన్ సెంటర్ నుంచి జూన్‌లో ఇంటికొచ్చాను. అప్పట్నుంచి మందు ముట్టలేదు, మాత్రలు డాక్టరు చెప్పినట్టే వేసుకుంటున్నాను. టెన్షనంతా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా. కొట్టు కట్టేసే వేళకి చేతులు ఊరికే ఉండవు, బజారు పొడుగునా పాత స్నేహితులే. సెంటర్లో ఏఏ మీటింగు ఉండేది, అంటే మందు మానాలనుకునేవాళ్లు కూర్చుని తమ సంగతులు చెప్పుకునేది. మాత్రల కన్నా అదే నన్ను నిలబెట్టింది అనిపిస్తుంది.

మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే చికిత్స కేంద్రాల అడ్రసులు చెప్పారు, మీటింగుల సంగతి తేలలేదు. బరంపురంలో ఒక చోటు తెలిసి వెళ్తే గదికి తాళం. వాళ్లు రావడం మానేసి చాలా కాలమైందని పక్క టీకొట్టాయన చెప్పాడు. జూమ్‌లో తెలుగు మీటింగు కూడా చూశాను. రెండు గదుల ఇల్లు, పక్కన అమ్మ టీవీ చూస్తుంటే ఏం చెప్పుకోను? మైక్ ఆపుకుని వినడమే. ఒడియా బాగానే వచ్చు గానీ ఇలాంటి మాటలు అందులో నోట రావు.

ఆదివారం మధ్యాహ్నం నుంచి ఖాళీ, రాత్రి తొమ్మిదికల్లా ఇల్లు చేరాలి. మానాలనుకుంటున్నవాణ్ణే కాబట్టి క్లోజ్డ్ మీటింగైనా (మానాలనుకునేవాళ్లకి మాత్రమే పెట్టేది) ఫరవాలేదు. ఎవరి పేర్లూ నంబర్లూ ఇక్కడ రాయొద్దు.

పాతపట్నం, టెక్కలి, శ్రీకాకుళం వైపు ఇప్పుడు నిజంగా నడుస్తున్న తెలుగు ఏఏ మీటింగు ఏ ఊళ్లో, ఏ రోజు, ఎన్ని గంటలకు?