బీఏ ప్రాజెక్టుకి కాలవ పడవలు తీసుకోవచ్చా?

కాలవగట్టు:
అందరికీ నమస్కారం. బీఏ హిస్టరీ మూడో సంవత్సరం, మాది రామచంద్రపురం దగ్గర. మా తాతయ్య కాకినాడ వైపు ధాన్యం పడవ నడిపేవారు. గాలి లేకపోతే తాడు కట్టి గట్టు మీద నడుస్తూ లాగేవాళ్లమని, లాకుల (నీటిమట్టం మార్చి పడవల్ని దాటించే తలుపుల) దగ్గర వంతు కోసం రాత్రంతా ఆగేవాళ్లమని చెబుతుంటే వింటూ పెరిగాను. అదే టాపిక్ అడిగితే సార్ "అది చరిత్ర కాదమ్మా, ద్రాక్షారామం శాసనాలు తీసుకో" అన్నారు. శాసనాలన్నా ఇష్టమే, భీమేశ్వరాలయంలో ఆ రాతలు చూస్తూ సాయంత్రం దాకా కదల్లేదు నేను. కానీ మనసంతా పడవల మీదే ఉంది. ఇంట్లో గ్రూప్స్ కోచింగ్ అంటున్నారు, అదో టెన్షన్. అసలు దీనికి ఆధారాలు దొరుకుతాయా?

పాతరికార్డులు:
నిఖార్సైన చరిత్రే తల్లీ. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాటన్ దొర కాలవల్ని పొలాలకే కాదు, సరుకు రవాణాకీ అనుకున్నాడు, రైలు కంటే నీటి దారే చవకని వాదించాడు. ఏలూరు కాలవ, కృష్ణా కాలవలు, బకింగ్‌హామ్ కాలవ కలిపి కాకినాడ నుంచి మద్రాసు దాకా నీటి మీదే వెళ్లే వీలుండేది. 1900లో రాజమండ్రి దగ్గర రైలు వంతెన వచ్చింది. ఆ తర్వాత అన్నేళ్లకి కూడా మీ తాతగారికి పని ఎందుకు దొరికింది? నీ ప్రశ్న అదే. మొత్తం డెల్టా నెత్తినేసుకోకు, ఒక్క కాలవ చాలు. 1907 గోదావరి జిల్లా గెజిటీర్‌తో (జిల్లా వివరాలన్నీ రాసిన ప్రభుత్వ పుస్తకం) మొదలుపెట్టు, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో అడుగు. పాత మద్రాసు ప్రభుత్వ రికార్డులకి చెన్నై ఎగ్మూర్ ఆర్కైవ్స్‌కి వెళ్లాలి.

నరసాపురం_లేసు:
అవన్నీ తర్వాత, ముందు తాతగారి మాటలు ఫోన్‌లో రికార్డు చెయ్యి. నేను డిగ్రీలో లేసు అల్లే ఆడవాళ్ల మీద రాశాను, పరీక్షలయ్యాక అమ్మమ్మని అడుగుదాంలే అనుకున్నాను, ఆ సంక్రాంతికే పోయింది. ఇప్పటికీ బాధే. పడవకి ఎన్ని బస్తాలు, కూలి ఎంత, వంట ఎక్కడ, వేసవిలో కాలవకి నీళ్లు ఆపేస్తే ఏం తినేవారు, ఇలా అడుగు. సంవత్సరం గుర్తు లేదంటే "నాన్న పుట్టకముందా, తర్వాతా" అను, తేలుతుంది.

కాలవగట్టు:
వేసవి సంగతి నాకు తట్టనేలేదు! ఇప్పుడే అడిగాను. పడవ గట్టెక్కించి తారు పూసుకుంటూ, బియ్యం అప్పు తెచ్చుకుని గడిపేవారట. అప్పు ఎవరిచ్చేవారంటే, ధాన్యం షావుకారే అన్నారు.