పిల్లి నేరం కనిపెట్టే పల్లెటూరి నవలలలో ఏది ముందు చదవాలి?

ప్రశ్న:
కంటి శస్త్రచికిత్స జరిగినప్పటి నుంచి మా అమ్మకు రాత్రిపూట నేనే కథలు చదివి వినిపిస్తున్నాను. రక్తపాతం లేకుండా నవ్వించే, ఊరంతా ఒకరికొకరు తెలిసిన చోట జరిగే, పిల్లి ఉన్న అపరాధ పరిశోధన నవల కావాలని ఆమె కోరిక. ఇంగ్లీషులో ఉన్నా తెలుగులో చెప్పగలను.

జవాబు 1:
రీటా మే బ్రౌన్ 1990లో ప్రారంభించిన మిసెస్ మర్ఫీ నవలలు చదవండి. వర్జీనియాలోని క్రోజే అనే చిన్న ఊరి పోస్టాఫీసును హ్యారీ అనే యువతి నడుపుతుంది. ఊరి ఉత్తరాలన్నీ ఆమె చేతుల మీదుగానే వెళ్తాయి కనుక, మొదటి నవలలో హత్యలకు ముందు వచ్చే సమాధిరాయి బొమ్మ పోస్టుకార్డులు ఆమె కంట పడతాయి. ఆమె పిల్లి మిసెస్ మర్ఫీ, కుక్క తమలో తాము చక్కగా మాట్లాడుకుంటాయి, మనుషులకు మాత్రం ఆ మాటలు అర్థం కావు. రచయిత్రి తన పెంపుడు పిల్లి ‘స్నీకీ పై’ పేరును కూడా ముఖపత్రం మీద వేయించారు, నాకు అది ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది.

జవాబు 2:
నా ఓటు లిలియన్ జాక్సన్ బ్రాన్‌కు. ఆమె సృష్టించిన కోకో అనే సయామీ పిల్లి మాట్లాడదు. అలమరలోంచి ఒక పుస్తకాన్ని కింద పడేస్తుంది, అంతే, ఏదో ఆధారం దొరికిందని విలేఖరి క్విలరన్ మీసం జలదరిస్తుంది. 1966లో మొదలైన తొలి నవలలు నగరంలో జరుగుతాయి కాబట్టి, పల్లె వాతావరణం కావాలంటే 1987 నాటి వాటితో మొదలుపెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా అమ్మ పోస్టాఫీసు కథనే ఎంచుకుంది, ఈ రాత్రే మొదలుపెడుతున్నాను.