యువత క్షేమంపై పోలీసుల అధ్యయనం: సేవా సంఘం ఏం చేయాలి?

ప్రశ్న: కౌమార వయస్కుల మానసిక క్షేమాన్ని అధ్యయనం చేయదలచిన ఇద్దరు పోలీసు అధికారుల కోర్సు ఫీజును మా సేవా సంఘం భరించాలనుకుంటోంది. డబ్బు ఇవ్వడంతో మా బాధ్యత తీరినట్టేనా?

జవాబు 1: తీరదండీ. మానసిక సమస్యల్లో దాదాపు సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయి కాబట్టి, గొడవ జరిగిన రాత్రి పిల్లవాడిని మొదట చూసే అధికారికి తరగతి పాఠంతోపాటు అనుభవజ్ఞులైన కౌన్సిలర్ల పరిచయం కూడా అవసరం. ఆ పరిచయం మీరు కల్పించగలరు.

జవాబు 2: సర్వే ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో వెలువరించిన ఐదు ప్రశ్నల సూచిక సరిపోతుంది, గత రెండు వారాల మనఃస్థితినే అది అడుగుతుంది. అయితే యూనిఫాంలో ఉన్నవారు కాగితం చేతికిస్తే పిల్లలు మనసులో మాట రాయరు. అందుకే తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, పేర్లు లేని పత్రాలను మీ సభ్యులే పంచి, మూసిన పెట్టెలో సేకరించడం మేలని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. పెట్టె సంగతి వచ్చే సమావేశంలోనే ప్రతిపాదిస్తాను.