శాడిల్ పీక్ ఎక్కాలంటే: ఓడ, నీళ్లు, జలగలు, అన్నిటికన్నా ముందు గడియారం

గాజువాక_గిరి
జనవరి చివర్లో నలుగురం ఉత్తర అండమాన్ వెళ్లి శాడిల్ పీక్ ఎక్కుదామనుకుంటున్నాం. 732 మీటర్లే కదా, అరకు కొండలు తిరిగే కాళ్లకి ఇదో లెక్కా అంటున్నారు కొందరు. అంత తేలిక కాదంటున్నారు ఇంకొందరు. వైజాగ్ నుంచి ఓడలో వెళ్లే ఆలోచన కూడా ఉంది. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

జంగ్లీఘాట్_బాబాయ్
ముందు ఓడ సంగతి. వైజాగ్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, నోట్లో మాత్రం ఇంకా పాత పేరే) ఓడ ఉంది గానీ ఇంచుమించు నెలకొకటి. సముద్రం మీద దాదాపు మూడు రోజులు. లీవు తక్కువుంటే విమానంలో వచ్చి, పోర్ట్‌బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్‌కి (శాడిల్ పీక్ దగ్గరి ఊరు) ఓడ పట్టండి. ఆ ఓడలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి బయల్దేరతాయి, రాత్రంతా ప్రయాణం, దిగేది ఏరియల్ బే జెట్టీలో. రోజూ ఉండవు. టికెట్లు కొద్ది రోజుల ముందే వదులుతారు, వాతావరణం బాగోలేకపోతే రద్దు చేసేస్తారు. అందుకని డిగ్లీపూర్ నుంచి తిరిగొచ్చిన మర్నాడే విమానం పెట్టుకోవద్దు, రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి.

ఓడ దొరక్కపోతే బస్సు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే సాయంత్రానికి చేరుస్తుంది. జిర్కాటాంగ్ దగ్గర అన్ని బళ్లనీ ఆపి, ఆరింటికి మొదటి కాన్వాయ్ వదులుతారు. అక్కణ్నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా జరావా అనే ఆదిమ తెగవాళ్లుండే అడవి. బండి ఆపడం, ఫోటో తీయడం, తినేది ఇవ్వడం అన్నీ నేరాలే. ఫోన్ సంచిలో పడేయండి. మిడిల్ స్ట్రెయిట్‌లో బస్సుతో సహా పంటు మీద దాటి బారాటాంగ్ చేరతారు.

కాలినడక
ఎత్తు గురించి. అరకు ఊరే సుమారు 900 మీటర్ల మీద ఉంది, అంటే అక్కడ సగం ఎత్తు రైలో బస్సో ఎక్కించేస్తుంది. ఇక్కడ లెక్క అలల దగ్గర మొదలవుతుంది. నడక మొదలయ్యే లామియా బే చెక్‌పోస్ట్ నుంచి శిఖరానికి దాదాపు 8 కిలోమీటర్లు, రానూపోనూ 16. మొదటి రెండు మూడు కిలోమీటర్లు తీరం వెంటే, కాసేపు అడవి, కాసేపు గుండ్రాళ్ల ఒడ్డు. ఇక్కడ ఎత్తు పెరగదు. కాబట్టి 700 మీటర్లూ మిగిలిన అయిదు కిలోమీటర్లలోనే ఎక్కాలి. సగటున వంద అడుగులకి పదమూడు పద్నాలుగు అడుగులు పైకి. కొన్నిచోట్ల వేళ్లు మెట్లలా దొరుకుతాయి, కొన్నిచోట్ల జారే ఎర్రమట్టి తప్ప ఏమీ ఉండదు.

చాలామంది దెబ్బతినేది ఆ చదును ముక్కలోనే. బాగుంది కదా అని ఫోటోలకీ గవ్వలకీ గంటన్నర ఖర్చుపెడతారు. (గవ్వలూ పగడపు ముక్కలూ ఏరడం నిషేధం, అదొకటి.) అసలు ఎక్కుడు మొదలయ్యేసరికి ఎండ నెత్తిమీదుంటుంది. చెట్ల కింద ఎండ తగలకపోయినా గాలి ఆడదు, చెమట ఆరదు. ఒళ్లు చల్లబడే దారే ఉండదు.

గాజువాక_గిరి
అంటే పొద్దున ఎనిమిదికి బయల్దేరితే సరిపోదా?

కాలినడక
సరిపోదు. ఇక్కడ జనాన్ని ముంచేది కొండ కాదు, గడియారం. అండమాన్ మనకి బాగా తూర్పున, 93 డిగ్రీల రేఖాంశం దగ్గరుంది, గడియారం మాత్రం మనదే. జనవరి చివర్లో అక్కడ సాయంత్రం అయిదుంపావుకే సూర్యుడు అస్తమిస్తాడు, డిసెంబర్‌లో అయిదు లోపే. హైదరాబాద్ సాయంత్రాల అలవాటుతో లెక్కేస్తే గంట పోయినట్టే. పెద్ద చెట్ల కింద ఇంకో అరగంట ముందే చీకటి.

నడక లెక్క ఇలా: ఎక్కడానికి నాలుగు గంటలు, పైన అరగంట, దిగడానికి మూడున్నర. ఆరింటికి చెక్‌పోస్ట్ దాటితే రెండింటికి కిందుంటారు. ఏదైనా తేడా వస్తే ఇంకో రెండు గంటలు చేతిలో ఉంటాయి. పదకొండున్నర వెనుదిరిగే టైమని పెట్టుకోండి. శిఖరం ఎంత దగ్గరున్నా ఆ టైముకి వెనక్కే. ఎనిమిదికి బయల్దేరినవాళ్లకి ఆ రెండు గంటలు ఉండవు. మధ్యాహ్నానికి శిఖరం మీద మబ్బు కమ్ముకోవడం మామూలే, అప్పుడు ఎక్కినా కనిపించేది తెల్లటి తెర.

ఆరింటికి అక్కడుండాలంటే ముందురోజు మధ్యాహ్నమే చెక్‌పోస్ట్‌కి వెళ్లి, ఐడీ చూపించి, టికెట్టు, గైడు సంగతి తేల్చుకోవాలి. పొద్దున్నే వెళ్లి గేటు ముందు ఎదురుచూసేవాళ్లే ఎక్కువ.

ఏరియల్‌బే_రాజు
బస డిగ్లీపూర్ బజార్లో వద్దు అన్నా, చెక్‌పోస్ట్‌కి దగ్గర్లో ఉన్న కాలీపూర్‌లో చూడండి. డిగ్లీపూర్ నుంచి కాలీపూర్ 18 కిలోమీటర్ల దాకా ఉంది, తెల్లవారుజామున ఆటో దొరకదు. ముందురోజే ఆటోవాడితో మాట్లాడి, రావడానికీ పోవడానికీ కుదుర్చుకోండి. డబ్బు నగదుగా పెట్టుకోండి. సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, మ్యాపు ముందే దించుకోండి.

ఇంకోటి. కాలీపూర్ తీరానికి డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి. మన శ్రీకాకుళం తీరంలో వచ్చే ఆలివ్ రిడ్లీలే కాదు, పచ్చ తాబేలు, గద్దముక్కు తాబేలు, లెదర్‌బ్యాక్ కూడా. చూడాలనే ఉంటుంది, కానీ అర్ధరాత్రి దాకా కూర్చోవాలి. కొండెక్కే ముందురాత్రి మాత్రం పెట్టుకోవద్దు, దిగొచ్చాక చూడండి. తెల్లటి టార్చి వేస్తే అవి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతాయి.

డాక్టరమ్మ
నీళ్లు మనిషికి నాలుగు లీటర్లు. బరువని రెండింటితో సరిపెడితే, దిగేటప్పుడు పిక్కలు పట్టేస్తాయి. నాలుగులో ఒక లీటరు ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరులోనే కలపాలి. అరలీటరు సీసాలో పోస్తే ఉప్పు గాఢత రెట్టింపై వాంతులు, దాహం పెరుగుతాయి. గంటకొకసారి ఒకేసారి తాగడం కాదు, పదిహేను ఇరవై నిమిషాలకి నాలుగైదు గుక్కలు. ఎవరికైనా చెమట ఆగిపోయి, మాట తడబడి, ఒళ్లు కాలుతుంటే అది అలసట కాదు, వడదెబ్బ. అక్కడే నీడలో పడుకోబెట్టి, బట్టలు తడిపి, విసరాలి. ఎక్కడం అక్కడితో ఆపేయాలి.

పేముబెత్తం
డాక్టరమ్మ గారూ, నాలుగు లీటర్లు మోయక్కర్లేదేమో. దారిలో వాగులున్నాయి కదా, కల్పాంగ్ నదే ఈ కొండల్లో పుడుతుంది.

డాక్టరమ్మ
వాగు ఉండటం వేరు, మీ దారిలో ఆ నెలలో నీరుండటం వేరు. జనవరి దాటితే సన్నబడుతుంది. నింపుకున్నా గుడ్డతో వడగట్టి, క్లోరిన్ మాత్ర వేసి, కనీసం అరగంట ఆగాకే తాగాలి. ఆ నీటిని అదనంగా లెక్కేసుకోండి, నాలుగు లీటర్లలో కలపకండి.

పేముబెత్తం
సరే, ఒప్పుకున్నా. జారితే చేతికందిన తీగ పట్టుకోవడం అందరికీ అలవాటు, ఇక్కడ అది మానుకోండి. పేము తీగలే ఎక్కువ, ముళ్లు అరచేతిలో విరిగిపోతాయి. కొమ్మ మీద పింజర పాము పడుకుని ఉన్నా కనిపించదు. చేతికర్ర తీసుకెళ్లండి, పట్టుకోవాలంటే లావుపాటి మాను చూసి పట్టుకోండి.

జలగలు: జనవరి చివరికి తక్కువే, ముందురోజు వాన పడితే మాత్రం లెక్కలేనన్ని. ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపి, మేజోళ్ల మీద ఉప్పునీళ్లు గానీ తడిపిన పొగాకు గానీ రుద్దండి. పట్టినదాన్ని లాగొద్దు, గోటితో పక్కకి నెడితే వదిలేస్తుంది. రక్తం కాసేపు ఆగదు, కంగారు పడొద్దు. జలగకన్నా నాకు తీరంలోని ఇసుక ఈగలే పెద్ద శత్రువులు. అప్పుడు తెలీదు, మర్నాడు దద్దుర్లు. కాళ్లకి దట్టంగా కొబ్బరినూనె రాస్తే చాలావరకు ఆగుతాయి.

కాలినడక
పోటు ఆటులు కూడా చూసుకోండి. తీరం వెంట ఉన్న ముక్క పోటు సమయంలో ఇరుకైపోతుంది, నాచుపట్టిన గుండ్రాళ్ల మీద నడవాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇంకా ఎక్కువ. పొద్దున ఆటులో దాటారంటే, ఆరు గంటల తర్వాత పోటు. ఎనిమిది గంటల నడక కాబట్టి వచ్చేటప్పుడు దాని తోక తగులుతుంది. ఏరియల్ బే జెట్టీలో అడిగితే ఆ రోజు టైములు చెబుతారు.

ఏరియల్‌బే_రాజు
దిగొచ్చాక ఒళ్లు మండుతుంటే వాగు సముద్రంలో కలిసేచోట మునుగుదామనిపిస్తుంది. వద్దు. ఉప్పునీటి మొసళ్లుండే చోట్లు అవే. గదిలోకెళ్లి స్నానం చేయండి. చెక్‌పోస్ట్‌లో తిరిగొచ్చినట్టు సంతకం పెట్టడం మరవద్దన్నా, పెట్టకపోతే వాళ్లు లైట్లేసుకుని అడవిలో వెతుకుతారు.

గాజువాక_గిరి
చాలా థ్యాంక్స్ అందరికీ. చివరిగా బూట్లు. చీలమండ దాకా ఉండే తోలు బూట్లు కొనాలా?

పేముబెత్తం
అక్కర్లేదు. తోలు ఒకసారి తడిస్తే ఆ గాలికి రెండు రోజులైనా ఆరదు, బరువెక్కుతుంది. అడుగున లోతైన గాళ్లున్న తేలికపాటి బట్ట బూట్లు చాలు, కొత్తవి మాత్రం వద్దు. దిగేటప్పుడు బొటనవేలు ముందుకి కొట్టుకుంటుంది కాబట్టి అర సైజు పెద్దవి తీసుకుని, ముందురోజే గోళ్లు కత్తిరించుకోండి. ఇంకో జత మేజోళ్లు పాలిథిన్ సంచిలో చుట్టి పెట్టుకుని, గుండ్రాళ్ల ఒడ్డు దాటాక ఎక్కుడు మొదలయ్యేచోట మార్చుకోండి.