రెబ్బె ముఖాన్ని పాప్ ఆర్ట్ రంగుల్లో వేయడం సమంజసమేనా?

తెరముద్ర:
న్యూయార్క్‌లోని బ్రూక్లిన్, క్రౌన్ హైట్స్ ప్రాంతంలో చాబాద్ లుబావిచ్ అనే శాఖకు చెందిన హసీదీ యూదుల (గురుభక్తికి పెద్దపీట వేసే సంప్రదాయ యూదుల) ఇళ్లలోనూ దుకాణాల్లోనూ వారి ఏడవ గురువు, రెబ్బె మెనహెం మెండెల్ ష్నీర్సన్ (1902–1994) గారి చిత్రం కనిపించని చోటు అరుదు. ఆ ముఖాన్నే అమెరికన్ పాప్ ఆర్ట్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ పద్ధతిలో గులాబీ, వంగపండు, నారింజ రంగుల్లో వేసిన కాన్వాసులు ఇప్పుడు అమ్మకానికి వస్తున్నాయి. విజయవాడలో శుభలేఖలు అచ్చువేసే షాపులో స్క్రీన్ ప్రింటింగ్ నేర్చుకుని న్యూజెర్సీలో అదే పని చేస్తున్న నేను కూడా అటువంటివి వేశాను. అది అపచారమని తాళపత్రం గారు నాకు విడిగా రాశారు కాబట్టి అందరి ముందు చర్చకు పెడుతున్నాను.

పనివాడిగా ఒక మాట చెబుతాను. పైన నల్లటి టోపీ, కింద తెల్లటి గడ్డం, నడుమ రెండు కళ్లు. స్క్రీన్‌కు ఇంతగా ఒదిగే ముఖాన్ని నేను మరొకటి చూడలేదు. ఫోటోలో కాంట్రాస్ట్ పెంచితే గడ్డంలోని పోగులన్నీ కలిసి ఒకే తెలుపవుతాయి, టోపీ ఒకే నలుపవుతుంది. కళ్లకు మాత్రం వెలుగునీడలను చిన్నా పెద్దా చుక్కలుగా చూపే హాఫ్‌టోన్‌తో విడిగా ఫిల్మ్ తీయాలి, లేకపోతే చూపు చచ్చిపోతుంది. ఆ చూపును నిలబెట్టడానికి పడే శ్రమను అగౌరవం అనడం నాకు అన్యాయంగా తోస్తోంది.

తాళపత్రం:
మీ శ్రమను నేను శంకించలేదు. హసీదీ సంప్రదాయంలో గురువు ముఖదర్శనం సాధనలో భాగమన్న సంగతిని ముందు గమనించండి. "నీ కన్నులు నీ బోధకుని చూచును" అన్న భావం గల యెషయా గ్రంథంలోని వాక్యాన్ని (30:20) వారు ఈ సందర్భంలోనే తలుస్తారు. యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథమైన తాల్ముదులోని ఎరువిన్ 13బి పుటలో, తన బుద్ధి తోటివారికంటే పదునుగా ఉండడానికి కారణం రబ్బీ మేయిర్‌ను వెనుక నుండి చూడడమేననీ, ఎదుట నుండి చూసి ఉంటే ఇంకా పదునెక్కేదనీ రబ్బీ యెహుదా హనసి చెప్పుకున్నారు. అంతటి విలువ ఇచ్చిన ముఖాన్ని సూప్ డబ్బాలకూ సినిమా తారలకూ వాడిన పద్ధతిలో వరుసగా పేర్చితే, చూసేవాడు ముఖాన్ని వదిలి రంగుల తేడాను చూస్తాడు. 1962లో వార్హోల్ 32 సూప్ డబ్బాలను వేసినప్పుడు ఆయన ఉద్దేశం కూడా అదే కదా! ఒక వస్తువుకూ మరొక వస్తువుకూ భేదం లేదని చూపించడానికి పుట్టిన పద్ధతి, ఎవరితోనూ పోల్చరాదని శిష్యులు నమ్మే మనిషికి ఎలా తగుతుంది?

కుంచెబడి:
నిర్గమకాండము 20వ అధ్యాయంలో ఏ రూపాన్నీ చేయవద్దని ఉండగా అసలు చిత్రమే నిషిద్ధం కాదా?

తాళపత్రం:
కాదు. షుల్హాన్ అరూఖ్ అనే ధర్మశాస్త్రంలో యోరే దేఆ 141వ ప్రకరణం దీన్ని చర్చిస్తుంది. అక్కడి అభ్యంతరం ప్రధానంగా ఉబ్బెత్తుగా చెక్కిన మనిషి రూపం గురించి. బల్లపరుపు చిత్రాన్ని అనుమతించినవారు ఎందరో ఉన్నారు.

కుంచెబడి:
అయితే యాక్రిలిక్‌ను కత్తితో మందంగా పూసినప్పుడు ముక్కు, నుదురు పైకి లేస్తాయి. అది ఉబ్బెత్తు కిందికి రాదా? దీనికి సమాధానం తేలకుండా ముందుకు పోవడం సరికాదు.

తెరముద్ర:
స్క్రీన్ మీద స్క్వీజీతో (రబ్బరు పట్టీతో) లాగిన సిరా పొర వేలికి అందదు. ఆ లెక్కన తైలవర్ణ చిత్రాలకంటే నా పనే శాస్త్రసమ్మతం.

తాళపత్రం గారూ, వార్హోల్ 1980లోనే "ఇరవయ్యో శతాబ్దపు పదిమంది యూదులు" అనే వరుస వేశారు. ఐన్‌స్టీన్, ఫ్రాయిడ్, కాఫ్కా, గోల్డా మెయిర్ వంటివారితో పాటు హసీదీ కథలను పాశ్చాత్య పాఠకులకు చేరవేసిన మార్టిన్ బూబర్ కూడా అందులో ఉన్నారు. న్యూయార్క్‌లోని జ్యూయిష్ మ్యూజియమే దాన్ని ప్రదర్శించింది. ఇక పునరుక్తి గురించి అంటారా, రెబ్బె గారే యూదులున్న ప్రతి ఊళ్లోనూ చాబాద్‌కు మూలగ్రంథమైన "తన్యా"ను అచ్చు వేయమని 1980లలో ఉద్యమంలా నడిపించారు. ఒకే పుస్తకం వేల ఊళ్లలో అచ్చయితే విలువ తగ్గలేదు గాని, ఒకే ముఖం ఆరు రంగుల్లో అచ్చయితే తగ్గుతుందా? హెండెల్ లీబర్‌మాన్ అనే హసీదీ చిత్రకారుడిని ఆయన ప్రోత్సహించారు. వస్తువు పైరూపాన్ని దాటి లోపలి సారాన్ని చూడగలగడమే చిత్రకారుడి ప్రతిభ అన్న అర్థంలో ఉత్తరం కూడా రాశారు.

తాళపత్రం:
లోపలి సారాన్ని చూడమన్నారు, నిజమే. నీలంగా ఉన్న కళ్లను నారింజ చేయడంలో లోపలికి చూసినదేమిటో మీరు ఇంతవరకు చెప్పలేదు. తన్యా ప్రతి ఊళ్లో అచ్చయింది గాని, ఏ ఊళ్లోనూ దాని వాక్యాలను మార్చలేదు. పైగా అచ్చు వేసిన చోట కూర్చుని దాన్ని చదవాలన్నది ఆయన కోరిక.

వేగుచుక్క:
పసుపు నేపథ్యం మాత్రం వాడకండి. రెబ్బెయే మెస్సీయా అని ప్రకటించేవారి జెండా పసుపు రంగులో, మధ్యలో నీలి కిరీటంతో ఉంటుంది. క్రౌన్ హైట్స్‌లో ఆ రంగు చూడగానే మీరు ఒక పక్షం వహించినట్టు లెక్క కడతారు.

తెరముద్ర:
ఆ సంగతి నాకు అనుభవమే. ఒక పెద్దమనిషి నాలుగు చిత్రాలు కావాలని అడిగి, ఫిల్ములు తీసి ఎమల్షన్ పూసి అంతా సిద్ధం చేశాక, పసుపు కూడదన్నారు; మార్చి ఇస్తే ఊదా గడ్డం గౌరవంగా లేదని వెనక్కి పంపారు. స్క్రీన్ల ఖర్చు సైతం నాకు ముట్టలేదు. భక్తి పేరుతో పనివాడి కష్టాన్ని ఎగ్గొట్టవచ్చని ఏ గ్రంథంలో ఉందో తాళపత్రం గారు చెప్పాలి.

న్యాయవాది_గుంటూరు:
మీరందరూ రంగుల దగ్గరే ఆగిపోయారు. చిత్రానికి ఆధారమైన ఫోటో ఎవరిది? వార్హోల్ గాయకుడు ప్రిన్స్‌ను వేసిన చిత్రం విషయంలో, మూల ఛాయాచిత్రం తీసిన లిన్ గోల్డ్‌స్మిత్ పక్షాన అమెరికా సుప్రీంకోర్టు 2023 మే నెలలో 7–2 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. ఒక పత్రికకు వార్హోల్ ఫౌండేషన్ ఆ చిత్రాన్ని లైసెన్సుకు ఇచ్చిన సందర్భం అది. రంగులు మార్చినంత మాత్రాన ఫోటోగ్రాఫర్ అనుమతి అక్కరలేదనుకోవడానికి వీల్లేదని అందరికీ అర్థమైంది. తెరముద్ర గారు అనుమతి తీసుకున్నారా?

తెరముద్ర:
ఇంటి గోడకు వేసిన నాలుగు చిత్రాలకు కోర్టు దాకా ఎందుకు? ప్రశ్న గౌరవం గురించి.

తాళపత్రం:
గౌరవం గురించే అయితే నా అనుభవం వినండి. నాకు వ్యాకరణం చెప్పిన గురువుగారు జీతం తీసుకోకుండా ఇంటి అరుగు మీద పాఠం చెప్పిన మనిషి. ఆయన పోయాక, ఆయనకు ఏ సంబంధమూ లేని ఒక కోచింగ్ సంస్థ ఆయన ఫోటోకు ఆకుపచ్చ, గులాబీ రంగులు పులిమి, పక్కన ర్యాంకుల అంకెలు వేసి, బస్టాండు ఎదుట ఫ్లెక్సీ కట్టింది. ఆయన భార్య ఆ దారిన వెళ్లడం మానుకున్నారు. మీరు ఊదా గడ్డం అన్నప్పుడల్లా నాకు ఆ ఫ్లెక్సీయే కనిపిస్తోంది. మీరు ఆ సంస్థకంటే ఏ విధంగానూ మెరుగు కాదు.

తెరముద్ర:
ఆ మాట వెనక్కి తీసుకోండి. మీ గురువుగారి ముఖాన్ని ఆయన ఎన్నడూ ఒప్పుకోని వ్యాపారానికి వాడారు, అందుకే మీకు కోపం. నలుపు తెలుపుల్లో కట్టినా ఆ ఫ్లెక్సీ తప్పే అయ్యేది. అంటే మీ అభ్యంతరం రంగు మీద కాదు, బయటివాడి చెయ్యి పడడం మీద. నేను యూదుణ్ణి కాను కాబట్టి ఆ ముఖాన్ని తాకకూడదని సూటిగా అనండి.

తాళపత్రం:
సూటిగానే అంటాను. మీరు యూదులా కాదా అన్నది నాకు పట్టదు, నేనూ యూదుణ్ణి కాను. రెబ్బెకు సంతానం లేదు, ఎనిమిదవ రెబ్బెగా ఎవరూ కూర్చోలేదు. ఆయన పోయి మూడు దశాబ్దాలు దాటినా జనం క్వీన్స్‌లోని ఆయన సమాధికి వెళ్లి, తమ కష్టాలు రాసిన కాగితాన్ని చదివి, చించి అక్కడ వదులుతారు. వారసుడు లేని చోట ఆ ముఖమే గురువుగా నిలిచి ఉంది. చనిపోయిన సినిమా తార చిత్రం జ్ఞాపకం మాత్రమే. ఇది వారికి ఇప్పటికీ తమను అడిగే ముఖం. 1986 నుండి ఆదివారాల్లో ఆయన గంటల తరబడి నిలబడి, వచ్చిన ప్రతి మనిషి చేతిలో ఒక డాలరు పెట్టేవారు, దానధర్మానికి ఇమ్మని. ఆయనను చూడడానికి వచ్చినవాడు ఒక బాధ్యతతో బయటికి వెళ్లేవాడు. మీ కాన్వాసు కొన్నవాడికి ఏ బాధ్యతా లేదు.

తెరముద్ర:
ఆ డాలరు వరుసలో హసీదులే నిలబడ్డారా? రాజకీయ నాయకులు, వ్యాపారులు, యూదులు కానివారు కూడా నిలబడ్డారు. ఆయన తన ప్రసంగాలను రేడియోలో, ఉపగ్రహం ద్వారా టెలివిజన్‌లో ప్రసారం కానిచ్చారు. వీధుల్లోకి వాహనాలు పంపించి, దారిన పోయేవారిని ఆపి పలకరించమన్నారు. ఇంతగా బయటికి వచ్చిన మనిషిని ఆయన తదనంతరం లోపలివారి సొత్తు చేయడం ఆయన పద్ధతికే విరుద్ధం. నల్ల ఫ్రేములోని ఫోటోను కన్నెత్తి చూడని కుర్రవాడు నారింజ కళ్ల దగ్గర ఆగి "ఈయన ఎవరు?" అని అడగడం నేను చూశాను.

వేగుచుక్క:
అడిగినవాడికి మీరేం చెప్పారు?

తెరముద్ర:
నాకు తెలిసినంత చెప్పాను. రష్యా సామ్రాజ్యంలో, నేటి ఉక్రెయిన్‌లోని మికొలైవ్‌లో పుట్టారని, పారిస్‌లో ఇంజనీరింగ్ చదివారని, 1941లో నాజీల నుండి తప్పించుకుని న్యూయార్క్ చేరారని, బ్రూక్లిన్ నౌకాశాలలో పనిచేశారని. న్యాయవాది గారి మాట మీద ఆలోచించి, మూల ఫోటో హక్కుదారుకు ఉత్తరం రాస్తున్నాను. వారు ఒప్పుకుంటేనే ఇకపై అచ్చు వేస్తాను. హసీదుల అనుమతి మాత్రం అడగను.

తాళపత్రం:
కోర్టుకు వెళ్లగలవారిని అడిగి, ఆ ముఖం ముందు కాగితం చదువుకునేవారిని అడగనంటున్నారు. నా అభ్యంతరం అక్కడే ఉంది, రంగులో కాదు.

కుంచెబడి:
ఉబ్బెత్తు యాక్రిలిక్ సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు.