100 సూర్యుల బ్లాక్‌హోల్ 160 కోట్లకు పెరిగే లెక్క: స్పిన్ దగ్గర ఆగిపోయాను

జె0313-1806 అనే క్వేజార్ (పదార్థాన్ని మింగే బ్లాక్‌హోల్ వల్ల విపరీతంగా వెలిగే గెలాక్సీ కేంద్రం) మధ్యలో ఉన్న బ్లాక్‌హోల్ బరువు సుమారు 160 కోట్ల సూర్యులంత. బిగ్‌బ్యాంగ్ అయిన 67 కోట్ల ఏళ్లకే అది అంతదయింది. ఎక్సెల్‌లో దాని లెక్క వేస్తూ ఒక చోట ఆగిపోయాను.

100 సూర్యుల బరువుతో, బిగ్‌బ్యాంగ్ తర్వాత 10 కోట్ల ఏళ్ల దగ్గర మొదలుపెట్టి, ఎడింగ్టన్ పరిమితి (వెలుగు ఒత్తిడి పడే పదార్థాన్ని వెనక్కి నెట్టేసే హద్దు) దాటకుండా నిరంతరాయంగా పెంచాను. పడే పదార్థంలో 10 శాతం వెలుగుగా పోతుందనుకుంటే 83 కోట్ల ఏళ్లు పడుతోంది. ఉన్నవి 57 కోట్లే. లక్ష సూర్యులతో మొదలుపెడితే 48 కోట్లలో అయిపోతుంది, కానీ చిన్న విత్తనంతో, అంటే చిన్న తొలి బ్లాక్‌హోల్‌తో, కుదురుతుందో లేదో తేల్చుకోవాలని నా పట్టుదల.

10 శాతాన్ని 5.7కి తగ్గించి చూశాను. 45 కోట్లు, సరిపోయింది! అయితే 5.7 అనేది తిరగని బ్లాక్‌హోల్‌కే వర్తిస్తుంది. బ్లాక్‌హోల్ చుట్టూ ఒకే దిశలో తిరిగే గ్యాస్ డిస్క్ నుంచి పదార్థం పడుతుంటే, బరువు రెండున్నర రెట్లు అయ్యేలోపే స్పిన్ (అది తన చుట్టూ తాను తిరగడం) దాదాపు గరిష్ఠానికి చేరుతుందని భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ బార్డీన్ 1970లోనే చూపించారు. అప్పుడు 30 శాతం పైనే వెలుగుగా పోతుంది, ఇక ఎదుగుదల నత్తనడకే.

గ్యాస్ ప్రతిసారీ వేరే దిశ నుంచి కొంచెం కొంచెంగా పడితే, స్పిన్ అన్ని కోట్ల ఏళ్లూ తక్కువగానే ఉంటుందా?